దీపపు బర్నరు, గాజు చిమ్నీ : ఒక పరిశీలనము

"దీపము క్రింద చీకటి" అను సామెత తెలుగున కలదు. ఉర్దూలో దీనినే "చిరాగ్ తలే అంధేరా" యందురు. రెండు భాషలవారును ఒకే వస్తువును ఒకే కన్నుతో చూచిరనుటకు ఇది నిదర్శనము. దీపమునకు సంబంధించిన మాటలును ఇట్టివే. మన "వత్తి"యు, ఉర్దూ "బత్తీ"యు సంస్కృతమందలి "వర్తి" శబ్దమునుండి వచ్చినవి. మనము వాడు "కందిలి" అరబ్బీ పదమగు "కిందీల్" నుండి వచ్చినది. దానికి మూలము లాటిను భాషలోని "కాందేలా". తెలంగాణపు ఇంటి చూరుకు వ్రేలాడిన ఒక చిన్న దీపము పేరులో రోము, బాగ్దాదు, హైదరాబాదు మూడును ఒదిగియున్నవి.

ఈ వ్యాసమునందు కిరసనాయిలు దీపమునకు ప్రాణమువంటివగు రెండు భాగములను గూర్చి విచారింతము. అవి బర్నరు, దానిపై నిలుచు గాజు చిమ్నీ. గాలికి దీపము ఆరిపోకుండుటకే గాజు అని పలువురి అభిప్రాయము. ఇది సగము మాత్రమే నిజము. గాలిలేని గదిలో సైతము చిమ్నీ తీసివేసినచో జ్వాల ఎఱ్ఱబారి, మసిగ్రక్కి, వెలుతురు సన్నగిల్లును. కావున గాజు వెలుతురును కాపాడు వస్తువు మాత్రమే కాదు, వెలుతురును పుట్టించు సాధనము కూడ. ఇది ఎట్లు జరుగునో తెలిసికొని, పిమ్మట ఆ గాజును కొనలేని ఇండ్లలో ఏమి జరిగినదో చూతము.

జ్వాల స్వభావము

వత్తిని ప్రాకు నూనె ద్రవరూపమున మండదు. వత్తి కొనయందలి వేడికి అది ఆవిరియగును. ఆ ఆవిరియే మండును. 1860-61 శీతకాలమున లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే బాలబాలికల కొరకు కొవ్వొత్తిని గూర్చి వరుసగా ఉపన్యాసములిచ్చి, ఈ విషయమును ప్రయోగములతో నిరూపించెను. జ్వాల నడుమనుండి ఒక సన్నని గొట్టముద్వారా ఆవిరిని బయటికి తెచ్చి, గొట్టము చివర దానిని మరల వెలిగించి చూపుట ఆ ప్రయోగములలో నొకటి.

దీపపు పసుపుపచ్చని కాంతికి కారణము బొగ్గు రేణువులు. వేడికి నూనె ఆవిరి విచ్ఛిన్నమై అతిసూక్ష్మములైన కార్బను రేణువులు ఏర్పడును. అవి జ్వాలలో కాగి, కమ్మరి కొలిమిలోని ఇనుమువలె ప్రకాశించును. జ్వాల అంచును చేరునప్పటికి తగినంత ఆమ్లజని దొరకినచో అవి పూర్తిగా మండి కనుమరుగగును. దొరకనిచో చల్లబడి మసియై పైకి లేచును. మసి యనగా మండుటకు గాలి చాలని వెలుతురే. ఇక గాలి మొదటనే మిక్కిలిగా కలిసినచో రేణువులు ఏర్పడకయే ఆవిరి మండిపోవును. అపుడు జ్వాల నీలముగా నుండి వేడినిచ్చును గాని వెలుతురునీయదు. స్టవ్వులో మనము కోరునది ఈ నీలిజ్వాలనే. కావున దీపము చేయువాని నేర్పంతయు గాలిని తగినంతగా, తగినచోట, తగినవేళ అందించుటలో నున్నది.

ఎంత గాలి కావలెను? కిరసనాయిలు పలు పదార్థముల మిశ్రమమైనను, లెక్కకొరకు దానిని పన్నెండు కార్బను, ఇరువదియారు ఉదజని పరమాణువులుగల అణువుగా భావించవచ్చును. అట్టిది ఒక గ్రాము మండుటకు సుమారు 3.5 గ్రాముల ఆమ్లజని, అనగా సుమారు 15 గ్రాముల గాలి కావలెను. దాని ఘనపరిమాణము 12 లీటర్లకు పైమాట. గంటకు 20 గ్రాముల నూనె త్రాగు ఒక సామాన్యపు లాంతరునకు గంటకు కనీసము 250 లీటర్ల గాలి అవసరమన్నమాట. వ్రేలెడు వెడల్పుగల జ్వాలకు ఇంత గాలిని ఎవరు మోసికొని వత్తురు? ఆ పని చిమ్నీది.

ప్రమిదనుండి ఆర్గాండు వరకు

వేలయేండ్లపాటు మానవుని దీపము ప్రమిదయే. మనప్రాంతమున ఆముదము విరివిగా వాడబడెను. ఆముదము చిక్కని నూనె. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దాని చిక్కదనము కిరసనాయిలు చిక్కదనమునకు మూడువందల రెట్లకు పైగా నుండును. అందువలన అది వత్తిని మెల్లగా, కొద్ది ఎత్తు మాత్రమే ప్రాకగలదు. ప్రమిద లోతులేక వెడల్పుగా నుండుటకును, వత్తి నూనె అంచుననే వెలుగుటకును కారణమిదియే. మన కుమ్మరి ఈ సంగతి గ్రహించియే ప్రమిదకు ఆ రూపమిచ్చెను.

క్రీ.శ. 9వ శతాబ్దిలో బాగ్దాదు నగరమున బనూ మూసా యని పేరుపొందిన ముగ్గురు సోదరులు తమ యంత్రశాస్త్ర గ్రంథమగు "కితాబ్ అల్-హియల్"లో తనంతట తానే వత్తిని పైకి జరుపుకొను దీపమును, తనంతట తానే నూనె నింపుకొను దీపమును వర్ణించిరి. ఈజిప్టు, సిరియా దేశములలో మమ్లూకు సుల్తానుల కాలమున మసీదులకొరకు చేసిన రంగుల గాజు దీపములు ప్రపంచ ప్రసిద్ధములు. గాజును దీపముతో జోడించుట కొత్తగాదు. అయితే ఆ గాజులు నూనెను పట్టియుంచి కాంతిని నలుదెసల ప్రసరింపజేసెడివి. గాజుచేత గాలిని లాగించుట అను యోచన 18వ శతాబ్ది చివరివరకు వేచియుండెను.

ఆ పనిచేసినవాడు జెనీవా నగరమున 1750లో జన్మించిన ఎమీ ఆర్గాండు. 1780 ప్రాంతమున అతడు ఒకదానిలో నొకటి ఇమిడిన రెండు లోహపు గొట్టముల నడుమ గుండ్రని గొట్టమువంటి వత్తినుంచెను. లోపలి గొట్టముగుండ గాలి జ్వాల నడిమికి, వెలుపలినుండి మరికొంత గాలి జ్వాల చుట్టును చేరును. దానిపై చిమ్నీని నిలిపెను. 1784లో ఇంగ్లండునందు పేటెంటు లభించెను. ఈ దీపము ఆరు మొదలు ఎనిమిది కొవ్వొత్తులకు సమానమైన వెలుతురునిచ్చునని అదే సంవత్సరము థామస్ జెఫర్సను ఒక లేఖలో మిత్రునికి తెలియజేసెను.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆర్గాండు 1783లో మాంగోల్ఫియే సోదరుల బెలూను ప్రయోగములకు తోడ్పడినవాడు. వేడిగాలి తేలికయై పైకి లేచుటయే ఆ బెలూనుకును, ఈ చిమ్నీకిని ఆధారము. ఆకాశయానమును, రాత్రి చదువును సాధ్యము చేసినది ఒకే భౌతిక సూత్రము.

అయితే లోకము ఆర్గాండుకు న్యాయము చేయలేదు. ఇంగ్లండులో 1786న న్యాయస్థానము అతని పేటెంటును త్రోసిపుచ్చెను. ఫ్రాన్సులో క్వింకే యను ఔషధ విక్రేత ఆ దీపము తనదియేయని చెప్పుకొనగా, అచ్చటి ప్రజలు దానిని "క్వింకే" యనియే పిలువసాగిరి. ఆర్గాండు 1803లో పేదరికమున మరణించెను. దీపము క్రింద చీకటియనుట ఇతనిపట్ల అక్షరాల నిజమైనది.

కిరసనాయిలు రాక

ఆర్గాండు కాలమున వాడబడినవి ఆవజాతి విత్తుల నూనె, తిమింగిలపు నూనె. ఇవి చిక్కనివి. కనుక నూనెపాత్రను జ్వాలకంటె ఎత్తున ఉంచవలసి వచ్చెను. లేదా, 1800లో కార్సెల్ అను ఫ్రెంచివాడు చేసినట్లు గడియారపు యంత్రముతో నూనెను పైకి తోడవలసి వచ్చెను. పలుచని నూనె దొరకినచో ఈ హంగామాయంతయు అనవసరము.

ఆ నూనెయే కిరసనాయిలు. 1846లో కెనడా దేశపు అబ్రహాం గెస్నరు బొగ్గునుండి అట్టి నూనెను తీసి ప్రదర్శించెను. గ్రీకుభాషలో మైనమునకుగల "కేరోస్" అను పేరునుండి దానికి కెరోసిన్ అని నామకరణము చేసెను. 1853 జూలై 31న నేటి ఉక్రెయినులోని ల్వీవ్ నగరపు ఆసుపత్రిలో ఇగ్నసీ లుకాసేవిచ్ తయారుచేయించిన దీపపు వెలుగున శస్త్రచికిత్స జరిగెను. 1859 ఆగస్టు 27న అమెరికాలోని టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ త్రవ్వించిన బావిలో భూతైలము పడినది. అటుపిమ్మట కిరసనాయిలు చవుకయై దేశదేశములకు ప్రాకెను. తెలుగువారు దానిని కిరసనాయిలనియు, తెలంగాణమున గ్యాసునూనె యనియు, ఉర్దూ మాట్లాడువారు "మిట్టీ కా తేల్" అనియు పిలిచిరి.

బర్నరు నిర్మాణము, రకములు

సామాన్యమైన బల్లవత్తి బర్నరును చేతబట్టి చూడుడు. నడుమ పలుచని వత్తిగొట్టము. ప్రక్కన వత్తిని పైకి క్రిందికి జరుపు పండ్లచక్రము, దానిని త్రిప్పు మర. క్రింద సన్నని రంధ్రములుగల జల్లెడవంటి పళ్ళెము. పైన నడుమ చీలికగల ఇత్తడి టోపీ. చుట్టును చిమ్నీని పట్టియుంచు వంపు వేళ్ళు. ఇందు ఏదియు అలంకారము కాదు. జల్లెడ, ఒక్కసారిగా వచ్చు గాలిపోటును విడగొట్టి నెమ్మదింపజేయును. టోపీ ఆ గాలిని చీలికవైపు మరలించి జ్వాల రెండు ముఖములకు తగులునట్లు చేయును. అందువలననే జ్వాల తామరరేకువలె పలుచగా, వెడల్పుగా నిలుచును. పలుచని జ్వాలకు నడిమివరకు గాలి అందును. లావు జ్వాలకు అందదు.

ఈ మూలరూపమునుండి పలు భేదములు వెలువడినవి. బర్మింగ్‌హాంనందలి హింక్స్ సంస్థ 1865లో రెండు బల్లవత్తులను ప్రక్కప్రక్కన నిలిపి "డ్యూప్లెక్సు" బర్నరును తెచ్చెను. దాని చిమ్నీ ఉబ్బు గుండ్రముగా గాక కోలగా నుండును. రెండు జ్వాలలనుండియు గాజు సమదూరమున నుండుటకే ఈ ఏర్పాటు. బెర్లినుకు చెందిన విల్డ్, వెస్సెల్ సంస్థ చేసిన "కాస్మాసు" బర్నరునందు వత్తి క్రింద బల్లగానే యుండి, పైకి పోవుకొలది మడిగి గుండ్రని గొట్టమగును. ఆర్గాండు సూత్రమును చవుక వత్తితో సాధించుట ఇందలి చమత్కారము. దీని చిమ్నీ నిలువు గొట్టము. అయితే జ్వాల మొదటికి కొంచెము పైన బిగించినట్లు ఒక నొక్కుండును. గోడవెంట ఎగబ్రాకు గాలి ఆ నొక్కును తగిలి జ్వాలమీదికి వ్రాలును. ఆ నొక్కు ఎత్తున ఏ కొంచెము తేడా వచ్చినను జ్వాల చెదరును. ఎరిష్, గ్రేట్స్ సంస్థవారి "మటాడోరు" బర్నరులో వత్తి నడుమ ఒక చిన్న ఇత్తడి బిళ్ళ నిలిచి, లోపలి గాలిని జ్వాలవైపు విసరును. అపుడు జ్వాల పూవువలె విప్పారును. అందుచేతనే దాని చిమ్నీకి బిళ్ళ ఎత్తున బుడగవంటి ఉబ్బుండును. తరువాతి కాలమున మన పెండ్లి పందిళ్ళలో వెలిగిన పెట్రోమాక్సు లైటుకు జన్మస్థానము ఈ సంస్థయే.

జర్మను బర్నరుల పరిమాణమును "లైను"లలో లెక్కింతురు. ఇది పాత ఫ్రెంచి కొలత; ఒక లైను 2.256 మి.మీ. పాత దీపములను సేకరించువారు ఈ అంకెను తెలిసికొననిదే సరియైన చిమ్నీని ఎన్నుకొనజాలరు. ఒక బర్నరుకు చేసిన చిమ్నీ మరియొకదానిపై కూర్చున్నంత మాత్రాన పనిచేయదు.

లాంతరుది వేరొక మార్గము. 1860-80 నడుమ అమెరికాలో జాన్ ఇర్విన్ రూపొందించిన పద్ధతిలో ప్రక్కనున్న రెండు గొట్టములే గాలిని క్రిందికి తెచ్చును. మొదటి రకమున వాడిన వేడిగాలి కొంత మరల బర్నరులో చేరెడిది. రెండవ రకమున వెలుపలి చల్లని గాలి మాత్రమే చేరును. రెండవదాని వెలుతురు మిన్న. పెనుగాలికి వెరువదు గనుక దానికి హరికేను లాంతరు అను పేరు సార్థకము.

1885లో ఆయర్ ఫాన్ వెల్స్‌బాక్ కనుగొనిన మాంటిలు ఈ చరిత్రకు కొత్త మలుపు. అందు వెలుగునది బొగ్గు రేణువు కాదు. థోరియం, సీరియం ఆక్సైడుల వల. దానికి కావలసినది వేడిగల నీలిజ్వాలయే. కనుక మాంటిలు దీపమునకు మరింత గాలి, అందుకొరకు మరింత పొడవైన చిమ్నీ అవసరమైనవి.

చిమ్నీ చేయు పని

దీనిని లెక్కవేసి చూతము. వెలుపలి గాలి 27 డిగ్రీల వద్ద ఘనమీటరుకు సుమారు 1.18 కిలోలు తూగును. చిమ్నీలోని వాయువు సగటున 227 డిగ్రీలని అనుకొన్నచో సుమారు 0.71 కిలోలే తూగును. చిమ్నీ ఎత్తు 20 సెం.మీ. అయినచో, ఈ తేడావలన కలుగు పీడనము ఒక పాస్కలుకు కొంచెము తక్కువ. అనగా వాతావరణ పీడనములో లక్షవ వంతు. ఇంత స్వల్పమైన బలమే, రాపిడిని లెక్కచేయనిచో, గాలిని సెకనుకు సుమారు ఒకటిన్నర మీటర్ల వేగముతో పైకి పంపగలదు. ఎత్తు రెట్టింపైన పీడనము రెట్టింపగును. వేగము మాత్రము 1.4 రెట్లే యగును. పొడవు మితిమీరినచో గాలి ఎక్కువై జ్వాల నీలమగును, వత్తి కొనయు చల్లబడును. ఇంటి వంటపొయ్యి గొట్టమును, మరబట్టీ పొగగొట్టమును నడిపించునది ఈ లెక్కయే.

గాజు సంగతి

చిమ్నీ పగులుటకు కారణము వేడి కాదు, వేడిలో తేడా. గాజు వేడిని మెల్లగా ప్రసరింపజేయును. కాగిన గాజుమీద నీటి చుక్క పడినచో ఆ ఒక్కచోట కుంచించుకొనగోరును, చుట్టుప్రక్కల భాగము కుంచించుకొననీయదు. ఆ లాగుడుకు గాజు చిట్లును. సామాన్యపు సోడా-సున్నపు గాజు ఒక డిగ్రీ వేడికి పదిలక్షలలో 9 వంతులు వ్యాకోచించును. బోరోసిలికేటు గాజు 3 వంతులకు కొంచెము పైగా మాత్రమే వ్యాకోచించును. జర్మనీలోని యేనా నగరమున ఓటో షాట్ 19వ శతాబ్ది చివర ఈ రెండవ గాజును సాధింపగా, దాని తొలి ఉపయోగములలో దీపపు గొట్టములొకటి. అమెరికాలో రైల్వే లాంతరుల గాజు వానకు పగులకుండుటకై కార్నింగ్ సంస్థ చేసిన పరిశోధనలే 1915లో వెలువడిన పైరెక్సు వంటపాత్రలకు దారితీసినవి. నేడు మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి చేతనున్న బీకరుకు పూర్వీకురాలు దీపపు చిమ్నీయే.

మన దేశమున

1886లో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీ, 1901లో అస్సామునందలి డిగ్బాయిలో వెలసిన శుద్ధి కర్మాగారము మన దేశమునకు కిరసనాయిలు నందించినవి. బర్నరులు, చిమ్నీలు మొదట జర్మనీ, ఆస్ట్రియా, ఇంగ్లండు, అమెరికాలనుండియే దిగుమతి యయ్యెడివి. స్వదేశీ ఉద్యమకాలమున గాజు పరిశ్రమ మేల్కొన్నది. ప్రజలనుండి ఒక్కొక్క పైసా వసూలుచేసిన పైసా ఫండువారు 1908లో పూనాసమీపమున తళేగాఁవులో గాజు కర్మాగారము నెలకొల్పిరి. 1916లో కరాడ్ వద్ద ఓగలే సోదరులు గాజు కర్మాగారము స్థాపించి, పిమ్మట "ప్రభాకర్" లాంతరును దేశమునకందించిరి. ఉత్తరప్రదేశమున గాజులకు పేరుపొందిన ఫిరోజాబాదు పనివారు చిమ్నీలను సైతము ఊదిరి. స్వరాజ్యమనగా ఇంటిలో వెలుగు దీపపు గాజుకూడ మనదై యుండుటయని వారు తలచిరి.

చిమ్నీ లేని దీపము

ఇక అసలు ప్రశ్నకు వత్తము. చిమ్నీ కొనలేనివారి గతియేమి? వారు ఖాళీ మందుసీసా మూతకు చిల్లు పొడిచి, గుడ్డపీలిక దూర్చి వెలిగించుకొనిరి. అదియే బుడ్డిదీపము. దానిలో గాలి లాగు సాధనమేదియు లేదు. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము ఇట్టి దీపములలో మండు కిరసనాయిలులో నూటికి 7 మొదలు 9 వంతులు నల్లని మసిగా మారును. అనగా వెలుతురు కావలసినదానిలో కొంత, కొన్నవాని ఊపిరితిత్తులలోనికి పోయినది. నూనెకు వెల యిచ్చినది పేదవాడే, మసిని పీల్చినదియు అతడే. తక్కువ వెలగల దీపము నిజమునకు ఎక్కువ వెలగలది యాయెను. పైగా సీసా ఒరిగినచో ఇల్లు అంటుకొనెడిది. బర్నరుగల దీపమున వత్తిగొట్టమును, మరబిగింపును ఆ ముప్పును తగ్గించినవి.

ఇది బహుదూరపు గాథ కాదు. 2001 జనాభా లెక్కలలో దేశమందలి కుటుంబములలో నూటికి 43.3 వంతులు, 2011లో 31.4 వంతులు తమ ఇంటి వెలుతురుకు కిరసనాయిలునే వాడుచున్నట్లు తేలినది. రేషను దుకాణము ముందు డబ్బాతో వరుసలో నిలిచిన తరము ఇంకను మన ఇండ్లలోనే యున్నది. మన కళాశాలకు వచ్చు పిల్లల తల్లులలో పలువురు బుడ్డిదీపము ముందు అక్షరములు దిద్దినవారే.

అట్లని పాత దీపమును గూర్చి విలపింపనక్కరలేదు. గంటకు 20 గ్రాముల నూనె త్రాగు లాంతరు సుమారు 240 వాట్ల శక్తిని వెచ్చించును. అది యిచ్చు వెలుతురు నేటి ఒక వాటు ఎల్.ఇ.డి. దీపపు వెలుతురుకు ఇంచుమించు సమానము. తక్కినదంతయు వేడియే. దీపము మారుట మేలే. మరువరానిది దాని పాఠము.

దీపమును వాడువారికి, దాచువారికి

ఇంటి అటకమీద పాతదీపమున్నచో ఈ నియమములు పాటింపవలెను. బర్నరు జల్లెడ రంధ్రములను మసి, పురుగులు, దుమ్ము మూసివేయును. చాకలిసోడా కలిపిన నీటిలో కాచి శుభ్రపరచి పూర్తిగా ఆరనీయవలెను. వత్తిని తిన్నగా కత్తిరించి, రెండు మూలలను కొంచెము గుండ్రపరచవలెను. లేనిచో జ్వాలకు కొమ్ములు మొలచి గాజు ఒకవైపు మసిబారును. వెలిగించిన వెంటనే వత్తిని ఎత్తరాదు. గాజు వేడెక్కువరకు తగ్గించి యుంచి పిదప మెల్లగా పెంచవలెను. చల్లారిన పిమ్మటనే చిమ్నీని తుడువవలెను. వెలుగుచుండగా నూనె పోయరాదు. పెట్రోలు ఒక్క బొట్టైనను కలుపరాదు. భారత ప్రమాణముల ప్రకారము కిరసనాయిలు ఆవిరి 35 డిగ్రీలకు లోపల అంటుకొనరాదు, పెట్రోలు ఆవిరియో మంచుకంటె చల్లని స్థితిలో సైతము అంటుకొనును. తలుపులన్నియు మూసిన గదిలో దీపమును వెలిగించి నిద్రింపరాదు.

విద్యార్థులు అధ్యాపకుల సమక్షమున ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఒకే ఎత్తు వత్తితో దీపమును మొదట చిమ్నీ లేకయు, పిమ్మట చిమ్నీతోను వెలిగించి, జ్వాలకు బాగుగా పైన ఒక తెల్లని పింగాణి పలకను క్షణకాలము చూపవలెను. రెండు మచ్చలను పోల్చినచో ఈ వ్యాసమందలి విషయమంతయు కంటికి కనబడును. ఒక మచ్చ నల్లగా, దట్టముగా నుండును. రెండవది కనబడీ కనబడనట్లుండును. ఆ రెంటి నడుమ తేడాయే ఒక గాజుగొట్టపు వెల. ఒకప్పుడు ఎందరో పిల్లల రాత్రి చదువు ఆ వెలమీదనే ఆధారపడియుండెను.